నమోదైన నర్సాపూర్

కొప్పర్తి దయామణి వ్యాపారంలో నమ్మకానికి ఏ లోటూ ఉండేది కాదు, దానికొక మిషన్ ఏర్పాటయ్యేదాకా.

ఆమెది పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం. లేసు అల్లడం ఇంటి విద్య. అమ్మమ్మకు బడిలో దొరసానమ్మలు నేర్పారు, అమ్మమ్మ అమ్మకి, అమ్మ దయామణికి. పేటలో ఆడవాళ్లంతా మధ్యాహ్నం వంటలయ్యాక ఆమె అరుగు మీద చేరేవారు. సూదులు కదిలినంతసేపూ నోళ్లూ కదిలేవి. వాళ్లలో దయామణి తోటికోడలు ఎస్తేరుది మరీ పదునైన నోరు. చెయ్యి కూడా అంత పదునే కాబట్టి ఎవరూ ఏమీ అనలేకపోయేవారు.

సరుకులో సగం పోర్చుగల్ దేశంలోని లిస్బన్ నగరానికి వెళ్లేది. అక్కడ ఫిలొమీనా అనే పెద్దావిడకు బట్టల కొట్టుంది. ఈవిడకు పోర్చుగీసు రాదు, ఆవిడకు తెలుగు రాదు. ఇద్దరి మధ్యా ఫోను అనువాదం చేసిపెట్టేది. అందులో వచ్చిన చిక్కు ఒక్కటే. గోదావరి వాళ్లు అవునన్నా, సరేనన్నా, వింటున్నానన్నా "ఆయ్" అంటారు. ఫోను దాన్ని నొప్పిగా అర్థం చేసుకునేది. మాట్లాడిన ప్రతిసారీ ఫిలొమీనా కంగారుపడి "దెబ్బ తగిలిందా?" అని అడిగేది. దయామణి "లేదండీ, ఆయ్" అనేది.

ఇంతకు మించి ఒడంబడికలు, పూచీలు వాళ్ల మధ్య ఏమీ లేవు.

ఆ ఏడాది ఫిలొమీనా మనవరాలు ఇనేస్‌కి పెళ్లి కుదిరింది. పిల్లకు పెళ్లి ముసుగు నువ్వే అల్లాలని ఫిలొమీనా అడిగింది. తల మీద నుంచి నేల దాకా జారి, ఇంకా వెనక ఒక మనిషి పొడవున పరుచుకోవాలి. చుట్టూ జాజిపూల అంచు. పేట మొత్తం ఆ ముసుగు మీదే కూర్చుంది. ఇంట్లో ఆడపిల్ల పెళ్లయితే ఎంత హడావుడో అంతా పడ్డారు.

సరిగ్గా అప్పుడే ఊళ్లోకి ప్రపంచ డిజిటల్ వాణిజ్య విశ్వాస మిషన్ వచ్చింది.

కల్యాణ మండపంలో సభ పెట్టారు. మిషన్ డైరెక్టర్ త్రివిక్రమమూర్తి గారు శాలువా భుజాన సర్దుకుని మైకు అందుకున్నారు.

"సోదరీమణులారా, నేటివరకు ప్రపంచ వాణిజ్యంలో నమ్మకం అనేది మనుషుల మీద ఆధారపడి ఉంది. ఇది ఎంతో ఆందోళనకరమైన పరిస్థితి. మనుషులు మర్చిపోతారు, మాట తప్పుతారు, ఒక్కోసారి చనిపోతారు కూడా. కావున నమ్మకం నుంచి మనుషులను దశలవారీగా తొలగించాలని మిషన్ సంకల్పించింది."

జనం చప్పట్లు కొట్టారు. మండపంలో ఏసీ ఉంది.

"బ్లాక్‌చెయిన్ అంటే ఏమిటి? మీ వివరం ఒక్కసారి రాస్తే ప్రపంచవ్యాప్తంగా వేల కంప్యూటర్లు ఏకకాలంలో రాసుకుంటాయి. ఆ తర్వాత బ్రహ్మదేవుడు దిగొచ్చినా చెరపలేడు."

ఎస్తేరు లేచింది. "తప్పు రాసేస్తేనండి?"

"తప్పు రాసే ప్రసక్తే ఉత్పన్నం కాదమ్మా. రాసేది కృత్రిమ మేధ."

కృత్రిమ మేధ పేరు విశ్వాసిని. పలక లాంటి తెరలో ఉంటుంది, మృదువుగా మాట్లాడుతుంది. మొదటి లబ్ధిదారుగా దయామణిని వేదిక మీదకి పిలిచారు.

"నమస్కారం," అంది విశ్వాసిని. "మీ మీద నాకు ప్రస్తుతం ఏ అభిప్రాయమూ లేదు. మీ ఊరు చెప్పండి."

"నరసాపురమండి."

తెలుగులో ఎలా పలికినా, విశ్వాసిని దగ్గరున్న పట్టికలో ఆ పేరు ఇంగ్లిషు అక్షరాల్లోనే ఉంది. ఆ అక్షరాలతో ఊళ్లు ఒకటికి మించి ఉన్నాయి. విశ్వాసిని పైనున్నది తీసుకుంది. తెర పచ్చగా వెలిగింది. డైరెక్టర్ గారు దయామణికి పూలగుత్తి ఇచ్చారు. వేల కంప్యూటర్లు ఏకకాలంలో రాసుకున్నాయి.

మర్నాడు చేతికొచ్చిన ధ్రువపత్రంలో ఇలా ఉంది: కొప్పర్తి దయామణి, లేసు కళాకారిణి, నర్సాపూర్, మెదక్ జిల్లా.

ఇకమీదట మిషన్ ధ్రువపత్రం లేని పార్సిల్ ఏదీ దేశం దాటదని పార్సిల్ ఆఫీసులో చెప్పారు. ధ్రువపత్రం ఉన్న పార్సిల్ అయితే, ధ్రువపత్రంలో ఉన్న ఊరి నుంచే బయల్దేరాలన్నారు. దయామణి, ఎస్తేరు విజయవాడ బస్సెక్కి డైరెక్టర్ గారి దగ్గరికి వెళ్లారు.

"ఇదేంటండీ? మాది గోదారి పక్కనండి. మెదక్ ఎక్కడుందో కూడా నాకు తెలీదండి," అంది దయామణి. "మార్చేయండి మరి."

డైరెక్టర్ గారు చిన్నపిల్లకు చెబుతున్నంత ఓపికగా నవ్వారు. "మార్చగలిగితే అది నమ్మకం ఎలా అవుతుందమ్మా?"

"తప్పు కదండీ అది."

"తప్పే కావచ్చు. కానీ ఎవరూ మార్చలేని తప్పు. ఆ విధంగా ఆలోచించండి."

ఎస్తేరు ఆ విధంగా కాసేపు ఆలోచించింది. "మార్చలేకపోతే పోనీండి. పక్కన ఇంకో ముక్క రాయొచ్చుగా, ముందు రాసింది తప్పని?"

ఆ సలహా డైరెక్టర్ గారికి నచ్చింది. సవరణ రాయించారు. విశ్వాసిని రెండు నమోదులూ చదివి, ఈవిడ ఒకేసారి రెండు ఊళ్లలో ఉన్నానంటున్నారని తేల్చి, దయామణి నమ్మక సూచీని సగానికి కోసింది. అక్కడితో ఆగకుండా తన విధి ప్రకారం కొనుగోలుదారును హెచ్చరించింది.

సాయంత్రానికల్లా లిస్బన్ నుంచి ఫోన్ వచ్చింది. ఫిలొమీనా గొంతు వణుకుతోంది.

"దయామణీ, నువ్వు ఎక్కడున్నావు?"

"ఇంట్లోనేనండి, అరుగు మీద."

"నువ్వున్న చోట నువ్వు లేవని నాకు సందేశం వచ్చింది. నిన్నెవరైనా ఎత్తుకుపోయారా?"

"ఆయ్, లేదండి!"

"దెబ్బ తగిలిందా?"

ఆ పూట అరుగు మీద సూదులు కదల్లేదు. ఇన్నేళ్లలో ఫిలొమీనా సరుకు గురించి అడిగింది, పిల్లల గురించి అడిగింది, వరదల గురించి అడిగింది. నువ్వు నువ్వేనా అని మాత్రం ఎప్పుడూ అడగలేదు.

విషయం మిషన్ పైకమిటీకి వెళ్లింది. కమిటీ సుదీర్ఘంగా చర్చించింది. రికార్డును వాస్తవానికి తగ్గట్టు మార్చడం సాంకేతికంగా అసాధ్యం. వాస్తవాన్ని రికార్డుకు తగ్గట్టు మార్చడానికి మాత్రం ఒక బస్సు చాలు. ఈ మేరకు 'వాస్తవ సమన్వయ పథకం' ప్రకటించారు.

బస్సుకు ముందు ఫ్లెక్సీ కట్టారు. దయామణి, ఎస్తేరు, ఇంకో నలుగురు ఆడవాళ్లు, ముసుగుని పాతచీరలో మూటగట్టుకుని ఎక్కారు. ఎక్కనని మొండికేస్తే ముసుగు పెళ్లికి అందదని దయామణి భయం. డైరెక్టర్ గారు జెండా ఊపి, వెనకే కారులో బయల్దేరారు.

మెదక్ జిల్లా నర్సాపూర్ చుట్టూ అడవి. రోడ్డు పక్కన కోతులు. సెంటర్లో మొగులమ్మ అనే ఆవిడకు కుట్టు మిషన్ దుకాణం ఉంది. మిషన్ అన్న మాట బోర్డు మీద కనబడగానే డైరెక్టర్ గారి మనుషులు ఇది మనదేననుకుని బస్సును అక్కడే ఆపారు. మొగులమ్మ దుకాణంలోంచి బయటికొచ్చి చూసింది.

"ఏందక్కా, గింతమంది ఒచ్చిన్రు? పెండ్లా?"

"పెళ్లేనండి," అంది ఎస్తేరు. "కాకపోతే ఇక్కడ కాదు."

మొగులమ్మ సంగతంతా వింది. "మీ ఊర్లె ఉండి చేస్తే నమ్మరా?"

"నమ్మరంటండి."

"గీడికొచ్చి చేస్తే నమ్ముతరా?"

"ఆయ్."

"కూసోండ్రి. చాయ్ పెడ్త," అని మొగులమ్మ ముందుగది ఖాళీ చేసి ఇచ్చింది. అద్దె మాటెత్తితే, "నీకు పుణ్యముంటది ఊకో" అంది.

గోడకు కెమెరా బిగించారు. అందులోంచి విశ్వాసిని చూసింది. ఊరు సరిపోయింది, మనిషి సరిపోయింది. కానీ ఇంకో సందేహం వచ్చింది. ఈ లేసు గోదావరి తీరపు అల్లిక అని సరుకు వివరాల్లో రాసి ఉంది. "పరిసరాల్లో గోదావరి కనిపించడం లేదు," అంది విశ్వాసిని. "దయచేసి గోదావరిని చూపించండి."

డైరెక్టర్ గారు వెనక్కి తగ్గే రకం కాదు. ఊళ్లో చెరువు ఉంది. దాని గట్టు మీద మర్నాడే బోర్డు పాతించారు: గోదావరి తీరం (తాత్కాలికం). ఇంకో కెమెరా బోర్డు వైపు తిప్పారు. విశ్వాసిని అక్షరాలు కూడబలుక్కుని, "గోదావరి గుర్తించబడింది, ధన్యవాదాలు," అంది.

గేదెల్ని కడగడానికి వచ్చిన ముసలాయన బోర్డు ముందు నిలబడి, వెంట వచ్చిన మనవడి చేత గట్టిగా చదివించుకున్నాడు. "ఎన్నడొచ్చిందిరా గోదారి? మనకు చెప్పనే లేదు," అంటూ గేదెల్ని నీళ్లలోకి దింపాడు.

ఇంకో వారంలో ముసుగు పూర్తయింది. మొగులమ్మ దుకాణంలో దండేనికి ఆరేస్తే గదంతా వెలుగొచ్చింది. బస్సుల కోసం నిలబడ్డవాళ్లు కూడా లోపలికి తొంగిచూసి పోయారు. ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎస్తేరుకు కూడా వంక దొరకలేదు.

విశ్వాసిని మాత్రం అంది: "ఇది చేతిపని అని నేను నమ్మలేకపోతున్నాను. పువ్వుకీ పువ్వుకీ తేడా లేదు. మనిషి చేసిన పనిలో లోపాలుండాలి. ఇది యంత్రం పని కావచ్చు."

దయామణి తెర వైపు చూసింది. తన చేతుల వైపు చూసుకుంది.

డైరెక్టర్ గారు గొంతు తగ్గించి, "చూడమ్మా, అక్కడక్కడా నాలుగు తప్పులు పెట్టేస్తే సరిపోతుంది," అన్నారు. "ప్రామాణిక లోపాల మార్గదర్శకాలు మా దగ్గరున్నాయి. పంపిస్తాను."

"పెట్టనండి."

"ఇది ప్రక్రియలో భాగం, దయామణి గారూ."

"పెళ్లికూతురు తలమీద కప్పుకునేదండి అది. తెలిసి తప్పెలా పెట్టమంటారు? మా అమ్మ లేచొచ్చి నా చెయ్యి విరగ్గొడుతుంది." దయామణి గొంతు ఎప్పుడూ పెరగదు, అప్పుడు కూడా పెరగలేదు. "పంపకపోతే మానేస్తానండి. పాడుచేసి మాత్రం పంపను."

డైరెక్టర్ గారు ఇబ్బందిగా అటూ ఇటూ చూశారు. పక్కన మొగులమ్మ, సరదాగా నేర్చుకుందామని, వారం రోజులుగా ఒక చిన్న గుండ్రటి ముక్క అల్లుతోంది. అది గుండ్రంగా రాలేదు. ఒక పక్క ముడుచుకుపోయి, ఇంకో పక్క సాగి, వానకి తడిసిన అప్పడంలా ఉంది. ఆవిడ దాన్ని దాచుకునేలోపే కెమెరా చూసేసింది.

"అద్భుతం," అంది విశ్వాసిని. "నూటికి నూరుపాళ్లు చేతిపని. అసలైన నర్సాపూర్ లేసు. కళాకారిణి పేరు చెప్పండి."

"మొగులమ్మ," అన్నారు డైరెక్టర్ గారు వెంటనే, విశ్వాసిని మాట వెనక్కి తీసుకుంటుందేమోనన్నట్టు. వేల కంప్యూటర్లు రాసుకున్నాయి. ఆయన మొగులమ్మకు శాలువా కప్పి, "మీ నైపుణ్యాన్ని దయామణి గారికి బదిలీ చేసే శిక్షణ శిబిరం పెడదాం," అన్నారు.

"నా మొకం! నాకే ఒస్తలేదు. ఆమెకేం నేర్పుత సారూ?" అని మొగులమ్మ శాలువా తీసి ఎస్తేరు ఒళ్లో పడేసింది. ఇద్దరూ నవ్వాపుకోలేక లోపలికి పోయారు.

దయామణి నవ్వలేదు. పెళ్లి దగ్గరపడుతోంది. ఆ రోజు ఫిలొమీనాకి తనే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. ముసుగు తయారైంది, తప్పుల్లేవు కాబట్టి వెళ్లనివ్వడం లేదు అంది. ఫోను ఆ మాటను పోర్చుగీసులోకి సరిగ్గానే మార్చింది. సరిగ్గా మార్చడంవల్లే ఫిలొమీనాకి అర్థం కాలేదు. మూడుసార్లు చెప్పించుకుంది.

ఆఖరికి మొండిగా ఆవిడే మిషన్‌కి ఒక ఉత్తరం రాసింది. సరుకులో తప్పులు లేకపోయినా కొనడానికి తనకేమీ అభ్యంతరం లేదని, చాలా మర్యాదగా. మిషన్ దాన్ని పరిగణనలోకి తీసుకుంది. అయితే కొనుగోలుదారు మాటకు విలువ రావాలంటే కొనుగోలుదారు కూడా నమోదవ్వాలి. విశ్వాసిని ఆవిణ్ణి నమోదు చేసింది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో కూడా ఒక చిన్న లిస్బన్ ఉందని అప్పుడే అందరికీ తెలిసింది. పట్టికలో అదే పైన ఉంది.

సరుకు అందుకోవడానికి నమోదిత స్థానంలో అందుబాటులో ఉండవలసిందిగా ఫిలొమీనాకి తాఖీదు వెళ్లింది.

"ఈ వయసులో ఒక బట్ట కోసం అమెరికా వెళ్లి కాపురం పెట్టలేను," అంది ఫిలొమీనా ఫోన్లో. ఈసారి గొంతు వణకలేదు. కోపంగా ఉంది, కానీ ఆ కోపం దయామణి మీద కాదని ఏ ఫోనూ అనువదించక్కర్లేకుండానే తెలుస్తోంది. "నిన్ను ఒక యంత్రం మాటమీద అనుమానించాను. సిగ్గుగా ఉంది. ముసుగు రాకపోతే పోనీ. పిల్లే వస్తుంది."

అలాగే ఇనేస్ వచ్చింది. శంషాబాద్‌లో దిగి, టాక్సీలో అడవి దారంట నర్సాపూర్ చేరింది. మొగులమ్మ దుకాణం ముందు పొడుగ్గా, ఎండకు ముఖం ఎర్రబడి నిలబడింది. ఫొటో చూసి అనుకున్నదానికంటే జానెడు ఎక్కువ ఎత్తుంది.

దయామణి మూటవిప్పి, స్టూలెక్కి, ముసుగు ఆ పిల్ల తలమీద వేసింది. వెనక పరుచుకుంది గాని, ముందూ పక్కలా అంచు నేలకు తగల్లేదు.

"జానెడు తక్కువైందక్కా," అంది ఎస్తేరు.

ఆ పిల్ల మొగులమ్మ పెట్టిన చాయ్ తాగుతూ స్టూలు మీద కూర్చుంది. ఆరుగురూ చుట్టూ నేలమీద కూర్చుని నాలుగు వైపుల నుంచీ అంచు పొడిగించారు. సాయంత్రం దాకా పట్టింది. ఇనేస్ మధ్యలో ఏడ్చింది. ఎందుకో ఆమె చెప్పింది గాని ఫోను తీసే తీరిక ఎవరికీ లేదు. దయామణి సూది ఆపకుండానే రెండో చేత్తో ఆ పిల్ల మోకాలు తట్టింది.

పార్సిల్ దేశం దాటడానికే ధ్రువపత్రం కావాలి. మనిషి తలమీద ఉన్న బట్ట గురించి మిషన్ నియమాల్లో ఎక్కడా లేదు. ఇనేస్ ఎయిర్‌పోర్టులో ముసుగు తలమీద వేసుకునే లైనులో నిలబడింది. వెనక నడుస్తున్న ఎవరో పెద్దాయన అంచు దుమ్ముకాకుండా ఎత్తిపట్టుకున్నాడు. అధికారి పాస్‌పోర్టు చూసి, ఆమెను చూసి, "కంగ్రాచ్యులేషన్స్" అని ముద్ర వేశాడు.

పెళ్లి ఫొటో వచ్చిన రోజు మొగులమ్మ దానికి ఫ్రేము కట్టించి, కుట్టు మిషన్ పైన తగిలించింది.

ఏడాది తిరిగింది. విశ్వాస మిషన్ వార్షికోత్సవం హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో జరిగింది. లబ్ధిదారులుగా దయామణినీ ఎస్తేరునూ ముందు వరసలో కూర్చోబెట్టారు. డైరెక్టర్ గారు కళ్లు చెమర్చుతుండగా నివేదిక చదివారు.

"ఈ ఏడాది మన మిషన్ పరిధిలోని లేసు ఎగుమతుల్లో ఒక్కటంటే ఒక్క మోసం కూడా నమోదు కాలేదని సగర్వంగా మనవి చేస్తున్నాను."

హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. చప్పట్లు ఆగాక ఎస్తేరు చెయ్యెత్తింది.

"ఎన్ని పార్సిళ్లు ఎల్లాయండి?"

"అది వేరే విభాగం చూసే అంశమమ్మా," అన్నారు డైరెక్టర్ గారు. "మా బాధ్యత నమ్మకం వరకే."

అప్పుడే దయామణి ఫోన్ మోగింది. అవతల ఫిలొమీనా. పెళ్లిలో ఆ ముసుగు చూసి, తమ పెళ్లికీ అలాంటిదే కావాలన్న ఇనేస్ స్నేహితురాళ్లు నలుగురున్నారు. వాళ్లలో మొదటి పిల్ల శంషాబాద్‌లో దిగిందట. పొడుగు పిల్లట. దయామణి చప్పున లేచి సంచీ సర్దుకుంది.

"దయామణి గారూ, మీ సన్మానం ఇంకా ఉంది," డైరెక్టర్ గారు వేదిక మీదనుంచి కంగారుగా పిలిచారు.

"ఎత్తు కొలవాలండి," అంది దయామణి. "పిల్ల దిగి కూర్చుంది."

వేదిక మీది పెద్ద తెరమీద విశ్వాసిని మేలుకుంది. "గమనిక. సరఫరాదారు తన స్థానం నుంచి కదిలారు. నమ్మక సూచీ తగ్గించబడింది."

హాలు మొత్తం తలుపు వైపు తిరిగి చూసేసరికి తోటికోడళ్లిద్దరూ రోడ్డు దాటి ఎయిర్‌పోర్టు బస్సెక్కేశారు. ఎస్తేరు కిటికీ పక్క సీటు పట్టుకుంది. దయామణి పక్కన కూర్చుని సంచీలోంచి సూదీ దారం తీసి, ఊరు దాటకముందే మొదటి పువ్వు మొదలుపెట్టింది.